విన్‌మెయిల్.డ్యాట్ అని వస్తే ఫైలు పాడైందనుకోకు

బిడ్డా,

రాత్రి నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూశాను. కాకినాడ పార్టీ పంపిన మెయిల్‌లో పీడీఎఫ్ ఉండాల్సిన చోట విన్‌మెయిల్.డ్యాట్ అని ఒకటి వచ్చి కూర్చుంది, నొక్కితే దేంతో తెరవాలని నిన్నే అడుగుతోంది, వైరస్సేమోనని నీకు టెన్షన్. మిర్యాలగూడ మిల్లులో లెక్కలు రాసే రోజుల్లో నాకూ ఇదే వచ్చింది. పెద్ద తెలివి అనుకుని పేరు చివర పీడీఎఫ్ అని మార్చాను, తెరుచుకోలేదు, విసుగొచ్చి మెయిలే తీసేశాను. అందులో ఉన్నది డెలివరీ ఆర్డర్! తెల్లారి లారీ గేటు ముందు నిలబడింది, కాయితం లేదు, షావుకారు తిట్లన్నీ నాకే. కాబట్టి పేరు మార్చకు, మెయిల్ తీసెయ్యకు.

సంగతేందంటే, వాళ్లు వాడేది ఔట్‌లుక్, మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రాం. అందులో మెయిల్ రిచ్ టెక్స్ట్ పద్ధతిలో వెళ్తే అక్షరాల రంగులు, సైజులు, జతచేసిన ఫైళ్లు అన్నీ కలిపి టీఎన్ఈఎఫ్ అనే మైక్రోసాఫ్ట్ సొంత మూటగా కట్టేస్తుంది. ఆ ముడి విప్పడం ఔట్‌లుక్‌కు తెలుసు, నువ్వు మెయిల్ చూసే థండర్‌బర్డ్ ప్రోగ్రాంకు తెలియదు. బియ్యం బస్తా కుట్టు రోజూ చూస్తూనే ఉంటావుగా, సరైన కొస పట్టి లాగితే సర్రున ఊడొస్తుంది, రెండో కొస పడితే ఎంత లాగినా కదలదు. లోపల బియ్యం మాత్రం మంచిగనే ఉంటాయి.

ముందు సైజు చూడు. నాలుగైదు కేబీలే ఉంటే చాలాసార్లు లోపల అక్షరాల సోకు తప్ప ఫైలేమీ ఉండదు, దానికోసం తిప్పలు పడకు. వందల కేబీలుంటే కాయితం లోపలే ఉన్నట్టు.

నువ్వు విప్పుకోవాలంటే థండర్‌బర్డ్‌కు లుకౌట్ అనే యాడ్‌ఆన్, అంటే పైన తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఉంది, నీ వెర్షన్‌కు సరిపోయేది చూసుకో. ఫైలు అప్‌లోడ్ చేస్తే విప్పి ఇచ్చే వెబ్‌సైట్లూ ఉన్నాయి కానీ పార్టీ బ్యాంకు ఖాతా, జీఎస్టీ కాయితాలు ఎవరి సర్వర్‌లోనో ఎందుకు పెట్టడం, నాకైతే ఇష్టం లేదు. తెలియని వాళ్లు పంపిందైతే విప్పనే విప్పకు, మూటలో ఏదైనా ఉండొచ్చు.

అర్జెంటుకు వాట్సాప్‌లో తెప్పించుకుంటావు సరే, రేపటి మెయిల్ మళ్లీ ఇట్లనే వస్తుంది. అసలు మందు వాళ్ల దగ్గరే ఉంది. ఫోన్ చేసి మర్యాదగా చెప్పు: "అన్నా, మీ ఔట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి పోయి, మెయిల్ రాసే పద్ధతి రిచ్ టెక్స్ట్ కాకుండా హెచ్‌టీఎంఎల్ అని పెట్టండి, కిందికి వస్తే రిచ్ టెక్స్ట్ మెయిల్ బయటివాళ్లకు పంపేటప్పుడు ఏం చేయాలని ఉంటుంది, అక్కడా హెచ్‌టీఎంఎల్‌గా మార్చమనే పెట్టండి." ఒక్క నీకే ఇట్లా వస్తుంటే, టూ డబ్బాలో అదంతట అదే వచ్చే నీ అడ్రస్‌ను చెరిపేసి మళ్లీ టైపు చేయమను. పాత అడ్రస్‌తో పాటు రిచ్ టెక్స్ట్ గుర్తు కూడా అంటుకుని ఉంటుంది, దీనికే చాలామంది రోజులు పోగొట్టుకుంటారు. అప్పటికీ పోకపోతే అది వాళ్ల సర్వర్ సెట్టింగ్, వాళ్ల ఐటీ మనిషి చూడాలి.

మళ్లీ పంపాక పీడీఎఫ్ తెరిచి, బస్తాల లెక్క సరిచూసుకున్నాకే "అందింది" అని జవాబివ్వు. నేను అట్లా చూడకుండానే ఇచ్చేశాను ఆరోజు.

మీ పెదనాన్న,
నల్లగొండ