ఆ పూలు మర్నాడు ఎక్కడ పడతాయి?

మీ ప్రశ్న చదివాను. ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో మీ పిన్నిగారి పదవీ విరమణ సభ ఉందన్నారు. ఆవిడకు పూలంటే ప్రాణమట. ప్లాస్టిక్ చుట్టిన బొకే పట్టుకెళ్ళడం మీకు ఇష్టం లేదు. పర్యావరణానికి చేటు చేయని పూలు, పూలతో ముడిపడిన కానుక ఏదైనా మన విజయనగరం నుంచి తీసుకెళ్ళగలమా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్ళవచ్చు. ఈ విషయంలో నాకు తెలిసిందంతా మా అమ్మాయి పెళ్ళి తరవాత తెలిసిందే కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

నాలుగేళ్ళ కిందట ఇక్కడే ఒక కల్యాణ మండపంలో పెళ్ళి చేశాం. అలంకరణ వేరేవారికి అప్పగించాం. చాలా అందంగా చేశారు. మర్నాడు ఉదయం మిగిలిన సామాను కోసం వెళితే మండపం వెనక గోడవారన నడుమెత్తు పూల కుప్ప కనిపించింది. పూలే కదా, మంచి ఎరువవుతాయని రెండు బస్తాలకెత్తి ఆటోలో ఇంటికి తెచ్చి పెరట్లో గుంటలో వేశాను. ఏడాది తరవాత తవ్వితే చామంతులూ బంతులూ నల్లటి మెత్తటి మట్టి అయ్యాయి. ఆ మట్టి నిండా ఆకుపచ్చ పొడి ఉంది. కాడలు గుచ్చడానికి వాడే ఇటుకలాంటి స్పాంజి అది. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి తయారుచేసే ప్లాస్టిక్. నీరు పీల్చుకుని పూలను తాజాగా ఉంచే మాట నిజమే, కానీ ఎన్నాళ్ళున్నా కుళ్ళదు. నలిగి నలిగి కంటికి ఆననంత సన్నటి రేణువులవుతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దీన్ని నిషేధించింది. నా గుంటలోని ఆ మట్టిని వంగ మొక్కలకు వేయడానికి మనసొప్పలేదు.

స్పాంజితో పాటు దారాలూ బయటపడ్డాయి. దండలు గుచ్చిన నైలాను దారం, మధ్యమధ్య చుట్టిన తళుకు తీగ, అన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. మా నాయనమ్మ అరటి నారతోనే పూలు కట్టేది. ఎండిన అరటి పట్టను నీళ్ళలో నానబెట్టి, గోటితో సన్నగా చీల్చి, తడి ఆరకుండా కట్టేది. ఆ దండ ఎక్కడ పడ్డా పూలతో పాటు నారా మట్టిలో కలిసిపోయేది. పూలు ఎంత మంచివైనా వాటిని పట్టి ఉంచే వస్తువు చెడ్డదైతే మొత్తం చెత్తే అవుతుందని నాకు ఆ గుంట దగ్గరే అర్థమైంది.

అప్పటి నుంచి పూలు కొనేటప్పుడు మర్నాడు ఇవి ఎక్కడ పడతాయో ముందు ఆలోచిస్తాను. శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది. పూజ పూలు నీళ్ళలో కలపాలని భక్తితో తెచ్చి, తెచ్చిన కవరుతో సహా వదిలేస్తారు. పూలు నాలుగు రోజుల్లో కరిగిపోతాయి. కవరు సముద్రం దాకా పోతుంది.

బొకే విషయంలో ఒక మోసం ఉంది, గమనించండి. మెరిసే కవరు వద్దంటే దుకాణంవారు గుడ్డలాంటిది చుట్టి ఇస్తారు. దగ్గరగా చూస్తే అందులో నేత ఉండదు, పడుగూ పేకా కనిపించవు. అది పాలీప్రొపిలీన్. చిన్న ముక్క కత్తిరించి నిప్పు తగిలిస్తే నూలుగుడ్డలా బూడిద కాకుండా కరిగి ముద్ద కడుతుంది. 2022 జూలై 1 నుంచి మన దేశంలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్, బెలూన్ల పుల్లలు, మిఠాయి పెట్టెలకు చుట్టే పొర ఉన్నాయి. బొకే చుట్టు మాత్రం అందులో లేదు. కాబట్టి వద్దని చెప్పవలసింది కొనే మనమే.

ఇక పూలు. మన ఊళ్ళో బొకేల్లో కనిపించే పొడుగు కాడల గులాబీలు, జెర్బెరాలు ఎక్కువగా బెంగళూరు, హోసూరు వైపు నుంచి వస్తాయి. ఆర్కిడ్లలో చాలా భాగం థాయిలాండ్ నుంచి విమానంలో దిగుతాయి. నీలి గులాబీ ప్రకృతిలో లేదు, అది రంగు పట్టించిన పువ్వు. అలాగని దూరం ఒక్కటే లెక్క కాదు. ఐరోపాలో గాజుగదులు వేడిచేసి పెంచిన గులాబీ కంటే, కెన్యా ఎండలో పెరిగి విమానమెక్కి వచ్చిన గులాబీకే కర్బన ఉద్గారాలు తక్కువని 2007లో బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం లెక్కగట్టింది. నేను దాని నుంచి తీసుకున్నదేమిటంటే, ఆ కాలంలో ఆరుబయట పొలంలో పూసే పువ్వే అన్నిటికంటే మేలు. అది మన దగ్గర కొరత లేనిదే.

ఫిబ్రవరి అంటే మల్లెలకు ఇంకా పూర్తి కాలం కాదు. ముందుగా వచ్చిన కాసిని మొగ్గలకు విపరీతమైన ధర చెబుతారు, వాటి కోసం పట్టుబట్టకండి. చామంతి చివరి పంట ఉంటుంది, బంతి ఉంటుంది, కనకాంబరం, లిల్లీ ఉంటాయి. వాటి మధ్య మరువం కలిపితే గది నిండా పరిమళమే. ఫిబ్రవరి 14 చుట్టుపక్కల అయితే గులాబీల జోలికి వెళ్ళకపోవడం మంచిది.

మీ పిన్నిగారికి బొకే బదులు నేనైతే అరటి బోదెలో అమర్చిన పూలు ఇస్తాను. జానెడు ముక్క కోసి, కింద నిలబడేలా చదును చేసి, చీపురు పుల్లతో ముందు బెజ్జాలు పొడిచి, వాటిలో చామంతి కాడలు గుచ్చాలి. బోదెలోనే తడి ఉంటుంది కాబట్టి రెండు రోజులు పూలు తేటగా ఉంటాయి. స్పాంజి చేసే పనంతా ఇదే చేస్తుంది, తరవాత ఆవు తింటుంది. మా ఇంట్లో రెండు సత్యనారాయణ వ్రతాలకు, ఒక సీమంతానికి ఇలాగే చేశాను. దాన్ని తాటాకు బుట్టలో పెట్టి ఇవ్వండి. బుట్ట ఆ తరవాత వెల్లుల్లికో తమలపాకులకో పనికొస్తుంది.

సభలో వేసే దండ సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి పరిసరాల్లో పూలు కట్టే ఆడవాళ్ళలో పెద్దవయసువారిని అడగండి. నారతో కట్టడం వాళ్ళకు బాగా తెలుసు. ఆ పనికి సమయం పడుతుంది కాబట్టి రెండు రోజులు ముందు చెప్పి, బేరం చేయకుండా కాస్త ఎక్కువే ఇవ్వండి. నార దొరక్కపోతే నూలు దారమైనా చాలు.

మొక్క ఇవ్వాలనుకుంటే ఆవిడ ఇల్లు ఎలాంటిదో చూసుకోండి. మేడ మీద కుండీలే అయితే సన్నజాజి, నందివర్ధనం, మందారం మన ఎండకు తట్టుకుంటాయి. ఇంటికి పసిపిల్లలు వస్తుంటే గన్నేరు వద్దు, పచ్చ గన్నేరు అసలే వద్దు, వాటిలో విషం ఉంటుంది. పెరడు ఉంటే మాత్రం నేను పొగడనే ఇస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలోని మా అక్కయ్య తోటలో కొబ్బరి చెట్లు వరసకు వరస నేలకూలాయి. పలకరించడానికి వెళుతూ ఏం పట్టుకెళ్ళాలో తోచలేదు. పళ్ళు, మిఠాయిలు తీసుకెళ్ళే సమయం కాదు. చివరికి మోకాలెత్తు పొగడ మొక్క తీసుకెళ్ళాను. అక్కయ్య దాన్ని చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఇద్దరం కలిసే నాటాం. ఆరేళ్ళకు మొదటిసారి పూసింది. ఆ రోజు ఫోను చేసి, "వాకిట్లో నక్షత్రాలు రాలాయే చెల్లీ" అంది. నా కానుకల్లో అంతకంటే మంచిది ఇంకొకటి లేదు.

పొగడ పువ్వు వాడినా వాసన పోదు. అందుకే దాన్నుంచి ఇంకో కానుక చేయవచ్చు. పొందూరు ఖద్దరు గుడ్డతో చిన్న సంచులు కుట్టించి, ఎండిన పొగడ పూలు నింపి, చీరల మడతల్లో పెట్టుకోమని ఇవ్వండి. వానాకాలంలో దాచిన మొగలి రేకులు ఎవరి దగ్గరైనా ఉంటే అవీ అంతే. మన తీరపు ఇసుక నేలల్లో మొగలి పొదలకు లోటు లేదు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసి చేత్తో వడుకుతారు. ఈ సంగతి తెలిస్తే చిన్న సంచీనైనా మీ పిన్నిగారు పారేయరు.

అదే గుడ్డను బంతిపూలతో రంగు వేసి కూడా ఇచ్చాను. దసరా దండలు విప్పి రేకులు నీడన ఎండబెట్టి ఉంచుకున్నాను. గుడ్డను పటిక నీళ్ళలో నానబెట్టి, రేకులు మరిగించిన నీటిలో గంటసేపు ఉంచితే పసుపు వన్నె పట్టింది. ఎండకు కొంత వెలుస్తుంది, కాబట్టి నీడలో ఆరేయమని చెప్పి ఇవ్వాలి. కాస్త ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి గిన్నె వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. రోజూ నీళ్ళు పోసి నాలుగు మందారాలో నందివర్ధనాలో వేసుకుంటారు, తరాలపాటు ఉంటుంది.

ప్రయాణం గురించి ఒక్క మాట. ఇక్కడి నుంచి శ్రీకాకుళానికి దాదాపు 70 కిలోమీటర్లు. పూల బుట్టను అరటాకుతో కప్పి, మీద తడిగుడ్డ వేసి ఒళ్ళో పెట్టుకోండి. బస్సులో ఇంజను పక్క సీటులో కూర్చోవద్దు, ఆ వేడికి కనకాంబరాలు ముందు వాడతాయి. నీళ్ళు చల్లుకోవడానికి ఒక చెంబు వెంట ఉంచుకుంటే సభకు అవి పొద్దున్న కట్టినట్టే ఉంటాయి.