చోటు లేని రేవుకి ఓడలకంత తొందరెందుకు?

ప్రశ్న: సాయంత్రం పూట ఆర్.కె. బీచ్‌లో కూర్చుంటే దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి. కొన్నయితే రోజుల తరబడి కదలవు. రేవులో చోటు లేదని ముందే తెలిస్తే మెల్లగా రావచ్చు కదండీ? ఆయిలూ మిగులుతుంది, పొగా తగ్గుతుంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రావచ్చమ్మా, రావాలి కూడా. ఓడల్లో చీఫ్ ఇంజినీరుగా పనిచేసిన రోజుల నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్నే ఇది.

రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఎంత ఆయిలు ఖర్చయిందో లెక్కగట్టి కంపెనీకి పంపేవాళ్లం. వేగం ఒక్క నాట్ (గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) పెంచమని కబురొస్తే చాలు, మర్నాటి అంకె చూసి ప్రాణం ఉసూరుమనేది. ఇంజిన్ మీద భారం ఇంచుమించు వేగం ఘనాన్ని బట్టి, అంటే వేగాన్ని మూడుసార్లు వేసి గుణించిన లెక్కన, పెరుగుతుంది మరి. వేగం పదో వంతు తగ్గిస్తే కావలసిన శక్తి దాదాపు 27 శాతం పడిపోతుంది. ప్రయాణం కాస్త సాగుతుంది కాబట్టి దారి మొత్తం మీద మిగిలేది 19 శాతం దాకా. అంత ఆయిలు తగలేసి వచ్చి లంగరు వేసేవాళ్లం! అక్కడా మంట ఆరదు. లైట్లకీ పంపులకీ వంటగదికీ జనరేటర్లు తిరుగుతూనే ఉండాలి. మన వెచ్చటి నీళ్లలో చాలా రోజులు కదలకపోతే ఓడ అడుగున నాచూ గుల్లలూ పడతాయి. తర్వాతి ప్రయాణంలో అదే వేగానికి ఇంకాస్త ఆయిలు తాగుతుంది.

తొందరంతా కాగితాల్లో ఉంది. చాలా రేవుల్లో ముందొచ్చిన ఓడకే ముందు బెర్తు, అంటే ఓడని కట్టి సరుకు దించే చోటు. ఆలస్యం లేకుండా రావాలని సరుకు ఒప్పందంలో షరతు. చేరుకుని ‘సిద్ధంగా ఉన్నాం’ అని నోటీసిస్తే గానీ సరుకు దించే గడువు మొదలవదు, ఆ గడువు దాటితే గానీ ఓడ యజమానికి డెమరేజీ, అంటే ఆలస్యానికి పరిహారం, రాదు. నిదానంగా వచ్చినవాడికి వరసలో చోటూ పోతుంది, డబ్బూ పోతుంది.

2021లో కరోనా రద్దీకి లాస్ ఏంజిలెస్, లాంగ్ బీచ్ రేవుల ముందు కంటైనర్ ఓడలు బారులు తీరాయి. ఆ నవంబరులో పద్ధతి మార్చారు. వెనకటి రేవు నుంచి బయల్దేరిన వేళను బట్టే వరసలో స్థానం ఇచ్చారు. చోటు ఖాయమయ్యాక పరుగెందుకు? ఓడలు పసిఫిక్‌లోనే వేగం తగ్గించుకున్నాయి, ఒడ్డు దగ్గర గుంపు పల్చబడింది. అదే ఏడాది బిమ్కో అనే అంతర్జాతీయ ఓడల సంఘం, రేవు చెప్పిన వేళకి సరిపడా వేగం తగ్గించుకుంటే ఒప్పందం మీరినట్టు కాదని ఒక షరతు రాసిపెట్టింది. ఆ షరతు సరుకు యజమానులు కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలి.

ఇక రేవు మాట నిలబడాలి. వాన పడితే ఎరువుల దించుడు ఆగుతుంది, ముందున్న ఓడ కదలదు, వారం ముందు చెప్పిన వేళ తప్పుతుంది. అందుకని పూర్తి దారి సంగతి తర్వాత చూద్దాం. ఆఖరి 12 గంటల్లో వేగం సర్దుకున్నా కంటైనర్ ఓడలకి ఆ ప్రయాణంలో ఆయిలు 4 శాతం పైగా మిగులుతుందని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ద్వారా 2022లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. పన్నెండు గంటల ముందు బెర్తు సంగతి ఏ రేవైనా చెప్పగలదు. ముందు ఆ ఒక్కటీ చెప్పమనండి.