మనిషి ఉండగానే ఆరిపోయే లైటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బాత్రూంలో మనిషి రాగానే వెలిగే సెన్సార్ లైటు పెట్టించాం. మామగారు లోపల కూర్చున్న కాసేపటికే ఆరిపోతోంది, చెయ్యి ఊపితే గానీ మళ్లీ వెలగదు. అదే రకం సెన్సార్ వరండాలో పెడితే ఎవరూ లేకపోయినా రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటోంది. రెండూ పాడైనవే అంటగట్టారా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: రెండూ బాగానే ఉండి ఉంటాయి. గీతలున్న తెల్ల బుడిపెతో వచ్చే ఈ రకాన్ని పి.ఐ.ఆర్. సెన్సార్ అంటారు. దానికి తెలిసేది కదిలే వేడి మాత్రమే. బుడిపె మీది గీతలు గదిని ముక్కలు ముక్కలుగా విడదీస్తాయి. ఒంటి వేడి ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి జరిగితేనే లోపల సిగ్నల్ పుడుతుంది. కదలకుండా కూర్చున్న మనిషి దాని లెక్కలో లేనట్టే. మే నెలలో గోడలే 35, 36 డిగ్రీలకు చేరితే ఒంటికీ గోడకీ తేడా తగ్గిపోయి, నడిచే మనిషి కూడా దానికి సరిగ్గా ఆనడు.

ముందు ఎం.సి.బి. (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించండి. సెన్సార్ అడుగునో పక్కనో స్క్రూడ్రైవర్‌తో తిరిగే చిన్న మరలు ఉంటాయి. టైమ్ మరను 8 నుంచి 10 నిమిషాల దాకా తిప్పండి. కొత్తదాంట్లో అది చాలాసార్లు కొన్ని సెకన్ల మీదే ఉంటుంది. ఎంత వెలుతురులో వెలగాలో చెప్పే లక్స్ మరను సూర్యుడి బొమ్మ వైపు తిప్పితే పగలు చీకటిగా ఉండే బాత్రూంలోనూ వెలుగుతుంది. బిగించే చోటు కూడా ముఖ్యమే. దాని ముందు అడ్డంగా దాటితే చప్పున పట్టేస్తుంది, నేరుగా ఎదురొస్తే ఆలస్యం చేస్తుంది. అందుకని తలుపుకి ఎదురుగా కాకుండా పక్క గోడకి పెట్టించండి.

పెద్దవాళ్లున్న ఇంట్లో ఇవన్నీ చేసినా సరే, ఆ లైటుకి మామూలు స్విచ్ ఒకటి సమాంతరంగా వేయించడం మానొద్దు. సెన్సార్‌కి వచ్చే ఫేజు వైరుకీ, దాన్నుంచి లైటుకి వెళ్లే వైరుకీ మధ్య ఆ స్విచ్ పడుతుంది. ఎలక్ట్రీషియన్‌కి పది నిమిషాల పని. రేడియో తరంగాలతో కదలికను పట్టే రాడార్ సెన్సార్ బల్బులు కూడా దొరుకుతాయి గానీ, ప్లాస్టిక్ తలుపు అవతల హాల్లో ఎవరు నడిచినా వెలుగుతాయి. ఊపిరి కదలికను సైతం పట్టే 24 గిగాహెర్ట్జ్ ప్రెజెన్స్ సెన్సార్ అయితే కూర్చున్న మనిషి ఉన్నట్టే లెక్క.

ఇక వరండా. వీధి కుక్క, ఏసీ బయటి డబ్బా వదిలే వేడిగాలి, బుడిపె మీదే తిరిగే పురుగులు, బల్లి: అనుమానించాల్సినవి ఇవి. బల్బు వేడి సెన్సార్‌కి దగ్గరగా తగిలితే, ఆరి చల్లారేటప్పుడు ఆ మార్పుకే మళ్లీ వెలుగుతుంది. కనీసం ఒక మీటరు ఎడంగా పెట్టండి. రోడ్డు వైపు చూసే బుడిపె భాగానికి నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

ప్రశ్న: డాబా మీది ట్యాంకు కింద, పై అంతస్తు వాష్‌బేసిన్‌కి సెన్సార్ కుళాయి బిగించాం. చెయ్యి తీసేసినా సన్నగా కారుతూనే ఉంది. కింద అంతస్తులో అదే కంపెనీ కుళాయి చక్కగా ఆగుతోంది.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: కింద ఆగి పైన ఆగడం లేదంటే ముందు చూడాల్సింది నీటి ఒత్తిడి. 10 మీటర్ల ఎత్తు నీళ్లకి దాదాపు 1 బార్ (ఒత్తిడిని కొలిచే లెక్క) ఒత్తిడి వస్తుంది. మీ పై అంతస్తు బేసిన్‌కీ ట్యాంకు నీటి మట్టానికీ మధ్య 3 మీటర్లుంటే వచ్చేది 0.3 బార్. చాలా సెన్సార్ కుళాయిల పెట్టె మీద కనీసం 0.5 బార్, అంటే 0.05 మెగాపాస్కల్ అని రాసి ఉంటుంది. నీటి దారిని మూసే లోపలి రబ్బరు పొరను అదిమిపెట్టేది ఆ ఒత్తిడే. అది చాలకపోతే పొర సరిగ్గా కూర్చోదు. చిన్న ప్రెజర్ పంపు పెట్టండి, లేదా తక్కువ ఒత్తిడికి పనిచేసే వాల్వు ఉన్న మోడల్‌కి మార్చండి.

డబ్బు పెట్టే ముందు మురికి సంగతి తేల్చుకోండి. యాంగిల్ కాక్ కట్టేసి, హోస్ విప్పి, లోపలి జాలీని పాత బ్రష్‌తో కడగండి. రబ్బరు పొరలో సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. ఉప్పునీటి ఊళ్లలో అది పూడుకుపోతుంది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అందులో పొరను అరగంట నానబెట్టండి. పిన్నీసుతో పొడిచారా, రంధ్రం పెద్దదై ఇక వాల్వు సరిగ్గా పనిచేయదు. బ్యాటరీలు నీరసించినా కుళాయి తెరుచుకుని మూసుకోకపోవచ్చు, నాలుగూ ఒకేసారి మార్చండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది మీ పలాస దగ్గరే. కరెంటు మీదే ఆధారపడే అడాప్టర్ మోడల్ కంటే బ్యాటరీది, చేత్తో తిప్పే పిడి ఉన్నది మీకు మేలు.

ప్రశ్న: ఫోన్‌తో నడిచే వైఫై స్విచ్ పాత ఇంట్లో వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: స్విచ్‌బోర్డు పెట్టెలో న్యూట్రల్ వైరు ఉందో లేదో ముందు చూపించండి. పాత వైరింగ్‌లో చాలాచోట్ల ఫేజు మాత్రమే స్విచ్‌కి వస్తుంది, న్యూట్రల్ నేరుగా లైటుకి పోతుంది. అలాంటి చోట మామూలు వైఫై స్విచ్ పనిచేయదు. న్యూట్రల్ అక్కర్లేని రకం వేస్తే చిన్న ఎల్.ఈ.డి. బల్బు ఆపినా మిణుకుమిణుకుమనొచ్చు. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండు ఆన్‌లో ఉంచండి. ఈ స్విచ్‌లలో ఎక్కువవాటికి 5 గిగాహెర్ట్జ్ అందదు. నీళ్ల మోటారుని మాత్రం నేరుగా దీనికి కలపొద్దు. 1 హెచ్.పి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకి ఐదారు రెట్లు కరెంటు లాగి స్విచ్ లోపల కరెంటును కలిపి విడదీసే రిలేను అతుక్కుపోయేలా చేస్తుంది. మధ్యలో ఎక్కువ కరెంటుకి తట్టుకునే కాంటాక్టర్ అనే పెద్ద రిలే వేయించండి.