రక్తం రావట్లేదంటే చిగుళ్లు బాగున్నట్టేనా?

"రెండు పూటలా బ్రష్ చేస్తున్నాను, చిగుళ్ల నుంచి రక్తం కూడా రాదు, అయినా నోట్లో సిగరెట్ వాసన పోవట్లేదు. మంచి మౌత్‌వాష్ చెప్పండి" అని అడిగారు. మౌత్‌వాష్ సంగతి తర్వాత చెప్తాను. ముందు రక్తం రావట్లేదన్న మాట పట్టుకుందాం. చాలా ఏళ్లు సిగరెట్లు తాగి మానేసినవాణ్ణి, నాకూ ఒకప్పుడు అదే ధీమా.

మామూలుగా చిగుళ్లు పాడైతే బ్రష్ చేసేటప్పుడు రక్తం కనిపిస్తుంది. పొగ తాగేవాళ్లకు ఆ హెచ్చరిక సరిగ్గా అందదు. నికోటిన్ రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది కాబట్టి వాపు, ఎరుపు, రక్తం అన్నీ తగ్గి కనిపిస్తాయి. పైకి గట్టిగా, లేత రంగులో ఉన్న చిగురు కిందే పన్నును పట్టి ఉంచే ఎముక కరిగిపోతూ ఉండొచ్చు. నాకు ఇది డెంటిస్ట్ సన్నటి కొలత పుల్ల పెట్టి చూసిన రోజున తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న చోట పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. నా వెనక పళ్ల దగ్గర అంతకన్నా లోతు ఉంది, నొప్పి మాత్రం ఎప్పుడూ లేదు.

వాసన పుట్టేది చాలావరకు అలాంటి సందుల్లోనూ, నాలుక వెనక భాగంలో పేరుకున్న పాచిలోనూ. గాలి తగలని చోట పెరిగే బ్యాక్టీరియా గంధకం కలిసిన వాయువులు వదులుతుంది. నోటిని కడగాల్సిన లాలాజలమేమో పొగ వల్ల తగ్గి నోరు ఎండిపోతుంది. దీనికి తోడు ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన పొగ తాలూకు వాసన ఊపిరితోనే బయటికొస్తుంది, దాన్ని ఏ మౌత్‌వాష్ కడుగుతుంది? వాడాలనుకుంటే ఆల్కహాల్ లేనిది వాడండి, ఆల్కహాల్ ఉన్నది నోటిని ఇంకా ఎండగొడుతుంది. చక్కెర ఉన్న మింట్ బిళ్లలు రోజంతా చప్పరిస్తే పళ్లు పుచ్చిపోతాయి. అవి నేనూ జేబులో వేసుకు తిరిగాను, మనకే వాసన తెలియకుండా పోయేది, ఎదుటివాళ్లకు కాదు.

గార తీయించుకుని, నాలుక గీసుకుని, పళ్ల సందుల్లో ఫ్లాస్ చేస్తే కొంత తేడా తెలుస్తుంది. కాకపోతే తాగుతూ చేయించుకున్న వైద్యం తక్కువగా పనిచేస్తుంది, చిగుళ్లు త్వరగా మానవు. నాకు క్లీనింగ్ అయ్యాక కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది, సిగరెట్ మానేశాకే నిలబడింది. కరిగిన ఎముక మాత్రం దానంతటది తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక విషయం ముందే తెలిసుంటే టెన్షన్ ఉండదు. మానేసిన కొత్తలో చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు. నాకు వచ్చింది. తాగినన్నాళ్లూ లేని రోగం మానేశాక వచ్చిందేమిటా అనిపించింది. రక్త ప్రసరణ మామూలుకు వస్తుంటే, అప్పటిదాకా దాగున్న వాపు బయటపడుతుందట. అది చూసి మళ్లీ సిగరెట్ వెలిగించకండి, కొన్ని వారాలైనా తగ్గకపోతే చూపించుకోండి.

పొగాకు నమిలేవాళ్లకు పొగ లేదు కదా అని ఊరట పడటానికేం లేదు, అదీ నోటి క్యాన్సర్ తెచ్చేదే. రుద్దినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదని ఊరుకోవద్దు.

డెంటిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు రోజుకెన్ని తాగుతారో తగ్గించి చెప్పకండి. చిగుళ్ల రంగు చూసి సరిపెట్టకుండా సందుల లోతు కొలవమని, అవసరమైతే ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. పన్ను తీయించుకోవాల్సి వస్తే, ఆ తర్వాత ఎన్నాళ్లు తాగకూడదో కూడా అడిగి పెట్టుకోండి. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే వచ్చే నొప్పి మామూలుగా ఉండదు, పొగ తాగేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ.