జేబు రివాల్వర్‌కు ఏ తూటా మేలు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లవి. బట్టల కింద కనబడకుండా పెట్టుకునే చిన్న రివాల్వర్‌కు ఏ క్యాలిబర్ (తూటా సైజు) ఎంచుకోవాలన్నదే అందరి ప్రశ్న. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు చివర్లో జవాబిచ్చాం. ఇక్కడ తూటా అంటే మందు, దాన్ని పట్టి ఉంచే గొట్టం, గుండు కలిసిన మొత్తం. గుండు అంటే అందులోంచి ఎగిరి వెళ్లే ముక్క మాత్రమే.

ప్రశ్న: నాకు గ్రీన్ కార్డు ఉంది. షాపులో .357 మాగ్నమ్ తీసుకోమంటున్నారు. అందులో .38 స్పెషల్ కూడా పేలుతుంది కాబట్టి ఒకే డబ్బుకు రెండు తుపాకులు వచ్చినట్టే అంటున్నారు. చూపించిన మోడల్ అరచేతిలో ఈకలా ఉంది. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, ప్లానో, టెక్సాస్

జవాబు: ఆ ఈకలాంటి బరువే అసలు చిక్కు. షాపువాళ్లు చెప్పింది అబద్ధం కాదు. రెండు గుండ్ల వ్యాసమూ ఒకటే, 0.357 అంగుళాలు. మాగ్నమ్ గొట్టం మాత్రం .38 గొట్టం కంటే సుమారు 3.4 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. అది .38 సిలిండర్‌లో (తూటాలు నింపే, తిరిగే భాగంలో) పొరపాటున కూడా దూరకూడదని కావాలనే అలా చేశారు. కాబట్టి .357 రివాల్వర్‌లో .38 వాడొచ్చు, .38 రివాల్వర్‌లో .357 ఎప్పుడూ వాడకూడదు.

ఇక తన్ను, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బ సంగతి చూద్దాం. స్మిత్ అండ్ వెస్సన్ 642 అల్యూమినియం ఫ్రేముది, ఖాళీగా సుమారు 410 గ్రాములు. అదే కంపెనీ 340 పీడీ స్కాండియం ఫ్రేము, టైటానియం సిలిండర్‌తో వచ్చిన .357, సుమారు 335 గ్రాములు. 640 పూర్తిగా స్టీలు .357, 620 గ్రాముల పైచిలుకు. 642లో 148 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) వాడ్‌కటర్, అంటే చదును మూతి గుండు పేలిస్తే చేతిలోకి వచ్చే తన్ను మా లెక్కలో దాదాపు 4 నుంచి 5 జౌళ్లు. 340 పీడీలో 125 గ్రెయిన్ల పూర్తి మాగ్నమ్ పేలిస్తే 20 జౌళ్లు దాటుతుంది. అదే తూటా 640లో సుమారు 13. నాలుగు రెట్లకు పైగా తన్నే తుపాకీతో మొదటి గుండు ఎలాగో పోతుంది; రెండో గుండు ఎటు పోతుందో చెప్పలేం. పైగా రెండంగుళాల బ్యారెల్‌లో మాగ్నమ్ తన వేగంలో మంచి భాగాన్ని కోల్పోతుంది. గుండు బయటపడ్డాక కాలే మందు మంటగా, చెవులు దిమ్మెత్తే చప్పుడుగా పోతుంది.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. తేలికైన రివాల్వర్ వెనక్కి ఎగిరినప్పుడు, సిలిండర్‌లో ఇంకా పేలని తూటాల గొట్టాలు అంచు పట్టుకుని తుపాకీతో పాటు వెనక్కి వస్తాయి, గుండు మాత్రం ఉన్నచోటే నిలిచిపోవాలని చూస్తుంది. అలా రెండు మూడు దెబ్బలకు గుండు గొట్టంలోంచి ముందుకు జారి, సిలిండర్ బయటికి పొడుచుకొచ్చి, ఫ్రేముకు తగిలి తిరగడం ఆగిపోతుంది. ఏ తూటా వాడినా ఒకసారి పరీక్షించుకోండి: ఐదు నింపి, ఐదోదాని పొడవు క్యాలిపర్‌తో కొలిచి పెట్టుకుని, నాలుగు పేల్చండి. ఐదోదాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగితే ఆ బ్రాండు ఆ తుపాకీకి పనికిరాదు. ఆ టైటానియం .357 మోడళ్ల బ్యారెల్ మీద 120 గ్రెయిన్ల కంటే తక్కువ బరువు గుండు వాడొద్దని చెక్కి కూడా ఉంటుంది. మంట సిలిండర్ మూతిని తినేస్తుంది మరి.

మా మాట: 400 గ్రాముల తరగతి కావాలంటే .38 స్పెషల్. మాగ్నమ్మే కావాలంటే 600 గ్రాములు దాటిన స్టీలు తీసుకోండి. అందులోనూ నిత్యం .38 వాడితే సిలిండర్ గదుల్లో మసి వలయం కడుతుంది. బ్రష్‌తో గీకి తీయకపోతే, తర్వాత పెట్టే మాగ్నమ్ తూటాలు సగంలో ఇరుక్కుంటాయి.

ప్రశ్న: .38లో హాలో పాయింట్ వాడాలా, వాడ్‌కటర్ వాడాలా? మాది న్యూజెర్సీ.
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: మీ రాష్ట్రం పేరు రాసి మంచి పని చేశారు. న్యూజెర్సీలో హాలో పాయింట్ (కొనలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే గుండు) ఇంట్లో ఉంచుకోవచ్చు, కాల్పుల సాధన చేసే రేంజ్‌కు తీసుకెళ్లవచ్చు. క్యారీ పర్మిట్ ఉన్నా ఒంటి మీద పెట్టుకుని తిరగడం నేరం. గుండు కొనలోని గుంట పాలిమర్‌తో నిండిన రకాన్ని రాష్ట్ర పోలీసులు హాలో పాయింట్‌గా లెక్కించడం లేదు. కొనేముందు వాళ్ల తాజా ప్రకటన చూసుకోండి.

వాడ్‌కటర్‌కు ఆ బెడదే లేదు. మూతి బల్లపరుపుగా ఉండే సీసపు గుండు అది. కాగితం మీద పంచింగ్ మిషన్‌తో కొట్టినంత గుండ్రని చిల్లు పెడుతుంది. 1986లో మయామిలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకు, దోపిడీదారులకు జరిగిన కాల్పుల తర్వాత ఆ సంస్థ తూటాల పరీక్షను మార్చేసింది. శరీర కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో గుండు కనీసం 12 అంగుళాలు, ఎక్కువలో ఎక్కువ 18 అంగుళాలు వెళ్లాలన్నది దాని కొలత. ఎదుటివాడి చెయ్యి అడ్డొచ్చినా, పక్కనుంచి తగిలినా లోపలి అవయవాల దాకా చేరాలి కదా. చిన్న బ్యారెల్ .38తో వచ్చే కష్టం ఇక్కడే. హాలో పాయింట్ విచ్చుకోవాలంటే వేగం కావాలి, రెండంగుళాల్లో ఆ వేగం రాదు. మందపాటి బట్ట దాటేటప్పుడు గుంటలో పోగులు నిండిపోయి చాలా రకాలు అసలు విచ్చుకోవు. విచ్చుకున్నవాటిలో కొన్ని 12 అంగుళాలు చేరవు. వాడ్‌కటర్ విచ్చుకోవడం మీద ఆశ పెట్టుకోదు. సెకనుకు 200 మీటర్లతో నెమ్మదిగా వెళ్లినా కోసుకుంటూ కావలసిన లోతుకు చేరుతుంది, తన్నూ తక్కువ.

దాని లోపం వేరేచోట ఉంది. మూతి చదునుగా ఉండి గొట్టం అంచుతో సమానంగా ఉంటుంది కాబట్టి, కంగారులో సిలిండర్ గదిలోకి దూర్చడం కష్టం. అందుకని సిలిండర్‌లో వాడ్‌కటర్లు, జేబులోని స్పీడ్ స్ట్రిప్‌లో (తూటాలను వరుసగా పట్టి ఉంచే పట్టీలో) గుండ్రటి మూతివి పెట్టుకునే పద్ధతి ఉంది, బాగానే పనిచేస్తుంది.

పెట్టె మీద ‘ప్లస్ పీ’ అని ఉంటే అది ఎక్కువ ఒత్తిడిది. మామూలు .38కి పరిమితి 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), దీనికి 20,000. తుపాకీ మీద ఆ గుర్తు లేకపోతే వాడొద్దు. పాత అల్యూమినియం ఫ్రేములకు ఇది మరీ ముఖ్యం. స్పియర్ వాళ్ల 135 గ్రెయిన్ల గోల్డ్ డాట్ ప్లస్ పీ పొట్టి బ్యారెల్ కోసమే చేసింది. హాలో పాయింట్‌కు అడ్డు లేని రాష్ట్రాల వాళ్లు చూడదగ్గది అదే. గురి చూసే స్థిరమైన సైట్లు సాధారణంగా 158 గ్రెయిన్ల గుండుకు సరిపోయేలా ఉంటాయి. తేలికైన, వేగమైన గుండు కొంచెం కిందికి తగులుతుంది. కాబట్టి మోయబోయే తూటాలతోనే కనీసం పది పేల్చి చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు, సిటిజన్. వేళ్లకు కీళ్లనొప్పులు. తన్ను ఉండదు కదా అని .22 కొందామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: కీళ్లనొప్పులవాళ్లను తన్ను కంటే ముందు బాధపెట్టేది ట్రిగ్గరు. ఇలాంటి రివాల్వర్లలో ట్రిగ్గరు లాగడానికి ఐదు కిలోల పైన బలం కావాలి. .22లో అది ఇంకాస్త గట్టిగానే ఉంటుంది తప్ప తగ్గదు. ఎందుకంటే .22 తూటాకు అంటించే మందు అడుగు అంచులో చుట్టూ ఉంటుంది. ఆ అంచును నలిపేంత గట్టిగా సుత్తి పడాలి. అయినా మధ్యమధ్య పేలనివి తగులుతాయి. రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గరు లాగితే తర్వాతి గది వస్తుందన్నది కొంత ఊరట. రుగర్ ఎల్‌సీఆర్ .22లో ఎనిమిది పడతాయి. మూతి గట్టిగా ఉండే 40 గ్రెయిన్ల గుండు తీసుకుంటే లోతు దాదాపు సరిపోతుంది.

మీరు .32 వైపు చూడండి. స్మిత్ అండ్ వెస్సన్ 432 మోడల్ .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్‌ది; .38 ఐదు పట్టే సైజులోనే ఇందులో ఆరు పడతాయి. అందులో .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడ్‌కటర్ వేస్తే తన్ను .22 కంటే కాస్త ఎక్కువ, .38 కంటే బాగా తక్కువ. తూటాలు అన్ని షాపుల్లో దొరకవు, ధర కూడా ఎక్కువ. ఒకేసారి నాలుగైదు పెట్టెలు తెచ్చి పెట్టుకోవాలి. కొనేముందు అమ్మగారి చేతికి ఖాళీ తుపాకీ ఇచ్చి, షాపువాళ్ల అనుమతితో డమ్మీ తూటాలు పెట్టి, వరుసగా పదిసార్లు ట్రిగ్గరు లాగించండి. ఏడోసారికి చెయ్యి వణికితే రివాల్వరే ఆమెకు తగదు. అప్పుడు క్యాలిబర్ మార్చి లాభం లేదు.

మనవలు వచ్చిపోయే ఇల్లయితే, ఒంటి మీద లేనప్పుడల్లా తుపాకీ తాళం పెట్టెలోనే ఉండాలి. బీరువాలో చీరల కింద పెట్టడం దాచడం కాదు.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. రేంజ్‌లో అద్దెకు తీసుకుని .38, 9 ఎంఎం పేల్చి చూడవచ్చా?
– ఒక పాఠకుడు, బే ఏరియా

జవాబు: క్యాలిబర్ పక్కన పెట్టండి, ముందు చట్టం. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1 లాంటి వీసాలవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపుల్లో మామూలు మనిషికి అందేది ఒకటే: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకుండా రేంజ్‌లో చేతిలో పట్టుకున్నా నేరమే. 2022 తర్వాత శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది, దేశం నుంచి పంపించేసే కారణం కూడా అవుతుంది. భార్యకో భర్తకో గ్రీన్ కార్డు ఉండి వాళ్ల పేర తుపాకీ ఉంటే, అది ఉన్న పెట్టె తాళంచెవి మీకు అందకూడదు, నంబరు తెలియకూడదు. ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే అడుగు వేయండి.

ప్రశ్న: .327 ఫెడరల్, 9 ఎంఎం రివాల్వర్లు ఎలా ఉంటాయి?
– ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: .327లో ఆరు పడతాయి, అదే తుపాకీలో .32 లాంగ్, .32 మాగ్నమ్ కూడా వాడొచ్చు. పూర్తి తూటా ఒత్తిడి మాత్రం 45,000 పీఎస్ఐ. ఇంట్లో నాలుగు గోడల మధ్య పేలిస్తే చెవులు తట్టుకోలేవు. 9 ఎంఎం తూటాలు చవక, ఎక్కడైనా దొరుకుతాయి. గొట్టానికి బయటికి వచ్చే అంచు లేదు కాబట్టి మూన్ క్లిప్ అనే పల్చటి రేకులో గుచ్చి పెట్టాలి. ఆ రేకు జేబులో కొంచెం వంగినా సిలిండర్ బిగుసుకుంటుంది. గుండు ముందుకు జారే జబ్బు కూడా 9 ఎంఎంలో ఎక్కువ. సాధన బాగా చేసేవాళ్లకు సరే, కొని మర్చిపోయేవాళ్లకు కాదు.

మీరు ఎటూ తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. ఐదు గజాల దూరంలో ఆరంగుళాల కాగితం ప్లేటు పెట్టి, ఐదు సెకన్లలో ఐదు పేల్చండి. మెత్తటి తూటాతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు ఎక్కండి. ఐదూ ప్లేటులో పడిన ఆఖరి మెట్టే మీ క్యాలిబర్.

ప్రశ్న: లైసెన్సు వచ్చింది. హైదరాబాద్‌లో నాకు ఏ క్యాలిబర్లు దొరుకుతాయి? పాత విదేశీ రివాల్వర్ అమ్మకానికి ఉంది, కొనవచ్చా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మన దేశంలో .38, .455, 9 ఎంఎం నిషిద్ధ బోర్లు (మామూలు లైసెన్సు మీద ఇవ్వని క్యాలిబర్లు). మామూలు లైసెన్సు మీద రివాల్వర్లలో ఎక్కువగా దొరికేది .32, దాని కింద .22. .32 అంటే ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్; పిస్టళ్లలో వాడే .32 ఏసీపీ వేరు, ఒకదాని బదులు ఒకటి పెట్టొద్దు. కాన్పూర్‌లో తయారయ్యే పాత .32, 2014లో వచ్చిన నిర్భీక్ నడుము విరిచి (బ్యారెల్‌ను కిందికి వంచి) నింపే రకాలు. నిర్భీక్ టైటానియం మిశ్రమంది, సుమారు 500 గ్రాములు. 2023లో వచ్చిన ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు 700 గ్రాములకు దగ్గర. .32 లాంగ్‌కు ఆ బరువు చక్కగా సరిపోతుంది.

పాతది కొనేముందు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, ట్రిగ్గరు నెమ్మదిగా లాగి అలాగే పట్టి ఉంచండి. సిలిండర్‌ను వేళ్లతో కదిపితే అతి కొద్దిగా మాత్రమే ఆడాలి. ఆరు గదులకూ ఇదే చూడండి. వెలుతురుకు ఎత్తి సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు చూడండి, 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల దాకా ఉండి, పైనా కిందా ఒకేలా కనబడాలి. నడుము విరిచే రకమైతే పైన కొక్కెం దగ్గర బ్యారెల్‌ను పైకీ కిందికీ ఆడించండి. అక్కడ టకటకమంటే బేరం మానుకోండి.