పాత చిత్రాల్లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్: కొలతలు తీసేముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

డామ్ చౌకులోని టౌన్‌హాల్ మీద ప్రాజెక్టుకి 17వ శతాబ్దపు చిత్రాలనే ఆధారం చేసుకుంటానన్నావు. మంచిదే. కాకపోతే బొమ్మ మీద ఏ ఏడాది ఉంటే కట్టడం ఆ ఏడాది అలాగే ఉందనుకోకు.

పీటర్ సానరెడామ్ వేసిన పాత టౌన్‌హాల్ చిత్రం 1657 నాటిది. ఆ భవనమేమో 1652 జూలై 7న కాలిపోయింది! 1641 జూలైలో ఆరు రోజులు అక్కడే కూర్చుని గీసుకున్న బొమ్మ చూసి ఆయన తర్వాత రంగులు వేశాడు. అంటే ఆ కిటికీలు, కప్పు 1641 నాటివి. అందుకే నోట్సులో మూడు గడులు గీసుకో: చూసి గీసిన ఏడాది, రంగులు వేసిన ఏడాది, కట్టడం పోయిన ఏడాది. మంటలారిన రెండో రోజుకే రెంబ్రాంట్ ఆ శిథిలాలను గీశాడు. తూనికల భవనం దగ్గర్నుంచి చూశానని బొమ్మ మీదే రాశాడు కూడా. చోటు చెప్పే బొమ్మలు అరుదు, దాన్ని వదలకు.

కొత్త టౌన్‌హాల్ వాస్తుశిల్పి యాకబ్ వాన్ కాంపెన్ రూపకల్పన. 1648లో పని మొదలై 1655లో ప్రారంభోత్సవం జరిగింది కానీ, నిర్మాణం ఇంకా సాగుతూనే ఉంది. లింగెల్‌బాఖ్ 1656లో వేసింది ఆ సగం కట్టడాన్నే.

ముందు దిక్కు సరిచూడు. ముఖభాగం తూర్పుకు ఉంటుంది. ఎదురుగా నిలబడితే నూవె కెర్క్ చర్చి కుడిచేతి వైపు రావాలి. ఎడమన కనిపించిందా, అచ్చు తిరగబడినట్టే: రాగిరేకు మీద చూసింది చూసినట్టు చెక్కితే కాగితం మీద కుడి ఎడమవుతుంది. ముఖభాగం మీద ఎండ పడుతుంటే అది పొద్దుటి పూట. కింద చిన్న ద్వారాలు ఏడు ఉండాలి, లెక్కపెట్టు.

బాల్కనీ 1808లో చేర్చారు. చౌకులోని తూనికల భవనాన్ని కూల్చిందీ ఆ ఏడాదే. టౌన్‌హాల్‌ని రాజప్రాసాదం చేసుకున్న హాలండ్ రాజు లూయీ బోనపార్ట్‌కి ఆ తూనికల భవనం చూపుకి అడ్డమొచ్చిందట. 17వ శతాబ్దపుదని చెప్పే బొమ్మలో బాల్కనీ కనిపిస్తే అనుమానించు.

ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉన్న వాన్ డెర్ హైడెన్ టౌన్‌హాల్ చిత్రంలో గుమ్మటం ఒరిగి సాగినట్టుంటుంది. తప్పు గీశాడని రాసెయ్యకు. ఒక నిర్ణీత చోటు నుంచి చూస్తేనే కుదిరేలా వేశాడు. ఫొటో మీద స్కేలు పెట్టి దాని ఎత్తు కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆయన బొమ్మల్లో ఇటుక ఇటుకా కనిపిస్తుందని మురిసిపోకు. కొన్నిట్లో ఎక్కడెక్కడి భవనాలనో ఒకచోట చేర్చాడు.

మనుషుల్ని బట్టి తలుపుల ఎత్తు కట్టకు. ఆయన చిత్రాల్లో చాలావాటికి మనుషుల్ని వేసింది ఆడ్రియాన్ వాన్ డె వెల్డె.

ఇట్లు,
మీ మామయ్య