తిరుపతిలో పాత ఇల్లు అమ్మే ముందు ఏ రిపేర్లు చేయించాలి, ఏవి వదిలేయాలి?

మీరు అడిగింది ఇదీ: కొర్లగుంట వైపు పాతికేళ్ల నాటి మిద్దె ఇల్లు, మీరుండేది బెంగళూరులో, చేతిలో మూడు లక్షలున్నాయి. మాడ్యులర్ కిచెన్ పెట్టించి, టైల్స్ మార్చి, పెయింట్ వేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మేయాలా అని. రెండూ వద్దంటాను.

తిరుపతిలో సొంత స్థలంలో ఉన్న పాత ఇంటికి బేరం నడిచేది అంకణాల లెక్కన. ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు 72, కాబట్టి అటువాళ్లు ఫోన్ చేస్తే మొదటే తేల్చుకోండి. స్థలానికి రేటు కట్టాక కట్టడానికి ఏదో కొంత కలుపుతారు, అంతే. మీరు పెట్టించిన కొత్త వంటింటికి ఆ లెక్కలో చోటుండదు. అదే హాలు సీలింగ్ మీద చెమ్మ మరక ఒక్కటి కనబడిందా, దాన్ని పట్టుకుని రిపేరు ఖర్చుకు మూడింతలు తగ్గించమంటారు. అందుకే కొనేవాళ్లు భయపడే చోట డబ్బు పెట్టండి.

మొదటిది మిద్దె. డౌన్ పైపుల నోట్లో గుడ్డలు కుక్కి, పైన అంగుళం, రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలపండి. కింద చెమ్మ ఎక్కడెక్కడ దిగిందో చాక్‌పీసుతో గీసుకోండి. చాలాసార్లు నీళ్లు దిగేది స్లాబు మధ్యలో కాదు, పిట్టగోడ కలిసే మూలలోనూ పైపు నోటి చుట్టూనూ. పగుళ్లను పది మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు వచ్చేలా కొట్టించి, దుమ్ము ఊడ్పించి, పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్ కూరించాలి. మూలల్ని అదే మోర్టార్‌తో గుండ్రంగా తిప్పించి, ఆ పైన మెష్ (పల్చటి వల) పరిచి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు చేతులు వేయించాలి, రెండోది మొదటి దానికి అడ్డంగా. ఎండలో కాలిపోతున్న స్లాబు మీద కోటింగ్ వేస్తే పైపొర ముందే ఆరిపోయి అప్పడంలా లేచొస్తుంది. పొద్దు వాలి ఎండ తగ్గాక వేయించండి. కోటింగ్‌కు ముందు స్లాబు లోపల ఆరిందో లేదో చూడటానికి రెండడుగుల పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు ఎత్తండి. అడుగున తేమ చేరితే ఇంకా ఆగాలి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఈ పని ఎండాకాలంలోనే ముగియాలి.

సున్నంలో ఇటుక జల్లి కొట్టించి పైన ఎర్ర పెంకులు పరిచిన పాత మిద్దె అయితే లెక్క వేరు. పెంకు మీద కర్రతో తట్టండి. బోలుగా మోగితే నీళ్లు ఆ కిందే నిలుస్తున్నట్టు, పైన ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా దండగ. మోగిన పెంకులు తీయించి కింద సరిచేయించి మళ్లీ పరచాల్సిందే.

సీలింగ్ పెచ్చులూడి కమ్మీ బయటపడిన చోట ఒకటి, రెండు మచ్చలే అయితే వదులైన కాంక్రీటంతా రాలగొట్టించి, కమ్మీని వైరు బ్రష్‌తో తోమి, తుప్పు నిరోధక ప్రైమర్ పూసి, పాలిమర్ మోర్టార్‌తో నింపించండి. గది నిండా అలాగే ఉంటే ముట్టుకోవద్దు, ఆ మేరకు ధర తగ్గించి చెప్పండి. పుట్టీ పూసి దాచాలని మాత్రం చూడకండి. కొనేవాళ్లు వెంట తెచ్చుకునే బేల్దారి మేస్త్రి సుత్తి పిడితో తట్టి రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. ఆ తర్వాత మీరు ఇంకేం చెప్పినా నమ్మరు.

గోడల అడుగున మూడడుగుల లోపు ఉప్పు పొక్కులు లేచి పెయింట్ రాలుతుంటే అది నేల చెమ్మ. దాని మీద పుట్టీ నెల కూడా నిలవదు. మరక కంటే అడుగు ఎత్తు వరకు పాత ప్లాస్టరింగ్ కొట్టేసి, కొన్ని వారాలు ఆరనిచ్చి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుకతో, బస్తా సిమెంటుకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రావకం కలిపి మళ్లీ పూయించాలి. చెమ్మ పూర్తిగా పోతుందని హామీ లేదు గానీ చాలాకాలం ఆగుతుంది.

బాత్‌రూమ్‌లో ఊళ్లో అందరూ చేసే పని ఒకటుంది: బోరు నీళ్ల తెల్లటి ఉప్పు పోవాలని ఇల్లు చూపించే ముందు యాసిడ్ పోసి కడిగించడం. టైల్స్ మెరుస్తాయి, మధ్యనున్న సిమెంటు మాత్రం కరిగిపోయి ఆ సందుల్లోంచి నీళ్లు పక్క గది గోడలోకి దిగుతాయి. యాసిడ్ మానేసి, సందుల్లో పాత సిమెంటు గీకించి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు దిగనివ్వని సందు పూత) నింపించండి. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ గుంట) చుట్టూ మరీ శ్రద్ధగా. కొళాయి చుక్కలు కారితే మొత్తం మార్చక్కర్లేదు, లోపలి స్పిండిల్ (తిప్పితే నీళ్లు ఆపే భాగం) మారిస్తే చాలు. పాతది విప్పి షాపుకు పట్టుకెళ్లండి, పళ్ల లెక్క కంపెనీ కంపెనీకి వేరు.

చెదలు కనబడితే గుమ్మం ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. గోడ, గచ్చు కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించి మందు ఎక్కించాలి.

కరెంటు పనిలో ఇల్లంతా వైరింగ్ మార్చనక్కర్లేదు. విరిగిన స్విచ్‌లు, నల్లబడ్డ ప్లగ్గులు మార్చి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఒకటి పెట్టించి, ఎర్తింగ్ పని చేస్తోందని చూపిస్తే చాలు.

పెయింట్ అన్నిటికంటే చివర, లోపల ఒకే లేత రంగు. మేస్త్రి చెప్పే కొలత నమ్మేముందు, సీలింగ్‌తో కలిపి పెయింట్ పడే వైశాల్యం గచ్చు వైశాల్యానికి మూడు, మూడున్నర రెట్లుంటుందని గుర్తు పెట్టుకోండి. అంతకు మించి లెక్కేస్తే టేపు పెట్టి కొలిపించండి.

టైల్స్, ఫాల్స్ సీలింగ్, ఎలివేషన్ (ఇంటి ముందు వైపు అలంకరణ) జోలికి పోవద్దు. వాస్తు కోసం గోడలు పగలగొట్టించడం అసలే వద్దు. మీ సిద్ధాంతి చెప్పింది కొనేవాళ్ల సిద్ధాంతి ఒప్పుకోడు. ఫ్లాట్ అయితే నా సలహా కొంచెం మారేది, అక్కడ స్థలం వాటా తక్కువ కాబట్టి లోపలి వాటం చూసే ధర పలుకుతుంది.

2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా కాలనీల్లోకి నీళ్లొచ్చాయి కనుక ఇంట్లోకి వచ్చాయా అని తప్పకుండా అడుగుతారు. వచ్చి ఉంటే వచ్చాయనే చెప్పండి, పక్కింటివాళ్లను అడిగితే తెలిసిపోయేదే.

మూడు లక్షల్లో కొంత కాగితాలకు ఉంచుకోండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజులు), మీ పేరు మీదికి మారిన ఇంటి పన్ను రసీదు, మంజూరైన ప్లాను సిద్ధంగా ఉండాలి. ప్లానులో లేని గది పైన వేసి ఉంటే కొనేవాళ్ల బ్యాంకు వాల్యుయేషన్‌లో అది బయటపడుతుంది, లోను తగ్గుతుంది లేదా ఆగుతుంది. మిద్దె పని మొదలుపెట్టకముందే ఇది తేల్చుకోండి. మూలధన లాభం పన్ను లెక్కలో పెయింటు, చిల్లర రిపేర్లు చూపడానికి వీల్లేదు. గది పెంచడం లాంటి అదనపు కట్టడానికైన ఖర్చు, బ్రోకరు కమీషను మాత్రం తీసివేయవచ్చు, వాటి బిల్లులు, బ్యాంకు చెల్లింపుల వివరాలు ఆడిటరుకు అప్పజెప్పండి.